తమ్ముడికి లింఫోమా వస్తే అక్కకూ వస్తుందా?

అందరికీ నమస్కారం.

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే రెండు రోజులకు గజ్జల్లో బిళ్ల కడుతుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది, నొప్పిగా కూడా ఉంటుంది. పుండు మానగానే అదీ తగ్గిపోతుంది. చిన్నప్పుడు మనలో చాలామందికి అయిందే ఇది. ఆ బిళ్ల ఒక లింఫ్ గ్రంథి. కాలి దగ్గర సూక్ష్మజీవి చొరబడిందన్న కబురు అక్కడికి చేరింది. దాన్ని ఎదుర్కోగల కణాలు అక్కడ లెక్కలేనన్ని పుట్టాయి, గ్రంథి ఉబ్బింది. పని అయిపోయాక ఆ కణాల్లో చాలా భాగం చనిపోయాయి, గ్రంథి మామూలైంది.

ఆ చివరి మాట మనసులో పెట్టుకోండి. పని అయిపోయాక ఆ కణాలు చనిపోవాలి. అలా చనిపోవాల్సిన కణం చనిపోకుండా, తనలాంటివాటినే పుట్టిస్తూ పోతే వచ్చే క్యాన్సర్‌ను లింఫోమా అంటాం.

కొన్నేళ్ల క్రితం ఒకావిడ తన తమ్ముణ్ణి తీసుకుని నా దగ్గరకు వచ్చారు. మెడ దగ్గర గడ్డ, బయాప్సీలో లింఫోమా అని తేలింది. చికిత్స గురించి అంతా విన్నారు, కాగితం మీద రాసుకున్నారు. తమ్ముడు బయటికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు: "డాక్టరుగారూ, వాడికి వచ్చింది కదా, నాకూ వస్తుందా? నా పిల్లలకు?" అప్పుడు నేను చెప్పిన జవాబు చాలా పొడిపొడిగా ఉంది. అది వంశపారంపర్యం కాదమ్మా, భయపడకండి అన్నాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆవిడకు దక్కాల్సిన పూర్తి జవాబు ఈ రోజు మీ ముందు చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఆ కణం గురించి. లింఫోసైట్లు అనే తెల్ల రక్త కణాల్లో రెండు పెద్ద తెగలున్నాయి, బి కణాలు, టి కణాలు. లింఫోమాల్లో ఎక్కువ భాగం బి కణాల్లోంచే పుడతాయి. ఎందుకు? ఆ కణం చేసే పనిలోనే దానికి జవాబు ఉంది.

శరీరంలో మిగతా కణాలన్నీ తమ డీఎన్ఏను మార్పు లేకుండా కాపాడుకోవాలని చూస్తాయి. లింఫోసైట్ అలా కాదు, తన డీఎన్ఏను తానే కోసుకుంటుంది. లోకంలో ఎన్ని రకాల సూక్ష్మజీవులున్నాయో ముందే తెలియదు కాబట్టి, ప్రతి బి కణమూ యాంటీబాడీ, అంటే సూక్ష్మజీవికి అతుక్కునే ప్రోటీన్, దాని జన్యువులోని ముక్కలను కత్తిరించి, తనదైన వరుసలో అతికించుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టిన సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడితో అయిపోలేదు. సూక్ష్మజీవి దొరికాక, లింఫ్ గ్రంథిలో జర్మినల్ సెంటర్ అనే చోట బి కణాలు అదే జన్యువులో కావాలనే అక్షరాలు మారుస్తాయి, ఇంకా బాగా అతుక్కునే యాంటీబాడీ కోసం. మార్పు బాగుంటే ఆ కణం బతుకుతుంది, లేకపోతే చనిపోతుంది. మనకు టీకాలు పనిచేస్తున్నాయంటే ఈ కోత, అతుకు, దిద్దుబాటు వల్లే.

రోజంతా కత్తితో పనిచేసేవాడికి ఎప్పుడో ఒకసారి వేలు తెగుతుంది. బి కణంలో కూడా ఒక్కోసారి కోత తప్పు చోట పడుతుంది, అతుకు తప్పు ముక్కకు పడుతుంది. 18వ క్రోమోజోము మీద ఉండే బీసీఎల్2 అనే జన్యువు 14వ క్రోమోజోము మీది యాంటీబాడీ జన్యువు పక్కకు వచ్చి అతుక్కుంటే, ఆ కణానికి చావు ఆజ్ఞ వినపడదు. ఫాలిక్యులర్ లింఫోమా అనే రకం వచ్చిన రోగుల్లో అత్యధికుల్లో కనిపించే తప్పు అదే. ఇక్కడ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. చాలా సున్నితమైన పరీక్షలతో వెతికితే, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో కూడా చాలామంది రక్తంలో ఈ తప్పు అతుకున్న కణాలు కొన్ని దొరుకుతాయి. వాళ్లలో దాదాపు అందరూ లింఫోమా అన్నది ఎరగకుండానే జీవితం గడిపేస్తారు. అంటే ఒక తప్పు చాలదు. ఆ కణాన్ని పదేపదే నిద్రలేపేది ఏదో ఉండాలి. దాన్ని గుర్తించి తుడిచిపెట్టాల్సిన కాపలా ఎక్కడో సడలాలి. మనం పుట్టుకతో తెచ్చుకున్న ఇమ్యూనిటీ జన్యువులు ఈ వ్యవహారంలోకి వచ్చేది ఇక్కడే.

రెండు మాటలు వేరు చేసి చెబుతాను, ఎందుకంటే ఓపీలో రోజూ ఇదే తికమక. గడ్డలోని కణంలో జరిగిన మార్పు ఆ మనిషి జీవితంలో, ఆ ఒక్క కణంలో జరిగింది. అది పిల్లలకు పోదు. తల్లిదండ్రుల నుంచి వచ్చి, ఒంట్లో ప్రతి కణంలో ఉండే తేడా వేరు. మనిషి జన్యురాశిలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ప్రామాణికంగా పెట్టుకున్న ప్రతితో పోలిస్తే మనలో ప్రతి ఒక్కరికీ 40 నుంచి 50 లక్షల చోట్ల తేడా ఉంటుంది. మీకూ ఉంది, నాకూ ఉంది. దీన్ని లోపం అనకండి, తేడా అనండి. లింఫోమాతో ముడిపడ్డ తేడాల్లో చాలా వరకు ఈ మామూలు రకానివే, కోట్ల మందిలో ఉన్నవే.

ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ ఉంది. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, అంటే కణితిని చంపే పదార్థం. 1975లో ఆ పేరు పెట్టినప్పుడు ఎలుకల్లో కణితులను అది చంపడం చూసి పెట్టారు. దాని జన్యువు మొదలయ్యే చోటికి 308 అక్షరాల ముందు ఎక్కువమందికి 'జి' అనే అక్షరం ఉంటుంది, కొంతమందికి 'ఏ' అనే అక్షరం ఉంటుంది. ఒకే ఒక్క అక్షరం. 2001లో ఇంటర్‌లింఫ్ అనే పేరుతో వేర్వేరు దేశాల పరిశోధకులు చేతులు కలిపారు, ఎందుకంటే ఎవరికి వారు రెండు మూడు వందల మంది రోగులతో చేసిన అధ్యయనాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తున్నాయి. 2006లో వాళ్లు ఎనిమిది అధ్యయనాల సమాచారం ఒకచోట పోసి చూశారు. లింఫోమాలను హాడ్జ్‌కిన్, నాన్-హాడ్జ్‌కిన్ అని రెండు పెద్ద గుంపులు చేస్తాం. ఇక్కడ చూసింది మూడున్నర వేలకు పైగా నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా రోగులు, సుమారు నాలుగు వేల మంది జబ్బు లేనివాళ్లు. 'ఏ' అనే ఆ అక్షరం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి వచ్చినవాళ్లకు, డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అనే రకం వచ్చే అవకాశం సుమారు 1.3 రెట్లు, రెండు వైపులా వచ్చినవాళ్లకు సుమారు 1.65 రెట్లు ఉందని తేలింది. ఫాలిక్యులర్ రకానికి మాత్రం ఈ తేడాతో సంబంధం కనపడలేదు. ఒంట్లోని మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) చల్లార్చే ఐఎల్-10 అనే మరో ప్రోటీన్ జన్యువులోని ఒక తేడాకు కూడా ఇలాంటి సంబంధమే, కాకపోతే ఇంకా బలహీనంగా, కనిపించింది.

1.65 రెట్లు అనగానే గుండె దడదడలాడుతుంది, నాకు తెలుసు. లెక్క చూద్దాం. జీవితకాలంలో వెయ్యి మందిలో ఆరుగురికి వచ్చే జబ్బు అనుకోండి. రెండు ప్రతులూ ఉన్నవాళ్లను వెయ్యి మందిని కూర్చోబెడితే, వాళ్లలో పదిమందికి వస్తుంది. మిగతా 990 మందికి రాదు. "రిస్క్ 65 శాతం ఎక్కువ" అని రాసినా ఇదే సంగతి, వెయ్యిలో ఆరు పది అయిందని రాసినా ఇదే సంగతి. కానీ మొదటిది చదివినవాళ్లకు రాత్రి నిద్ర పట్టదు. రెండో పద్ధతిలో చెప్పే బాధ్యత మా డాక్టర్ల మీదా, వార్తలు రాసేవాళ్ల మీదా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మరి కణితిని చంపుతుందని పేరు పెట్టుకున్న పదార్థం కణితి అవకాశాన్ని ఎందుకు పెంచాలి? టీఎన్ఎఫ్ మంటను రగిలిస్తుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది కావాలి. అదే సమయంలో, కణం లోపల ఎన్ఎఫ్-కప్పా-బి అనే మీటను నొక్కుతుంది. ఆ మీట బి కణానికి "బతుకు, పెరుగు" అని చెబుతుంది. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమాలో ఒక ఉపరకంలో ఆ మీట ఎప్పుడూ నొక్కే ఉంటుంది. కాబట్టి కథ చక్కగా అతికినట్టు ఉంది. అయితే తొందరపడకూడదు. 'ఏ' అనే అక్షరం ఉంటే టీఎన్ఎఫ్ ఎక్కువగా తయారవుతుందని కొన్ని ప్రయోగాలు చూపించాయి, మరికొన్ని అంత తేడా చూపలేదు. దానికి తోడు, ఈ జన్యువు ఉన్న చోటే ఒక చిక్కు ఉంది.

టీఎన్ఎఫ్ జన్యువు 6వ క్రోమోజోము మీద, హెచ్ఎల్ఏ అనే ఇమ్యూనిటీ జన్యువుల మధ్యలో ఉంటుంది. ఆ పేటలో జన్యువులు ఒకదానికొకటి ఎంత దగ్గరంటే, తరతరాలుగా గుంపుగానే ప్రయాణం చేస్తాయి. రైల్లో ఒక బోగీలో దొంగతనం జరిగిందనుకోండి. ఆ బోగీలో ఉన్న ప్రతివాడి మీదా అనుమానం వస్తుంది. టీఎన్ఎఫ్‌లోని 'ఏ' అక్షరం తరచుగా హెచ్ఎల్ఏ-బి-08, డీఆర్-3 వంటి హెచ్ఎల్ఏ రకాలతో కలిసి వస్తుంది. ఆ గుంపుకు లూపస్, సీలియాక్ వంటి స్వయం నిరోధక వ్యాధులతోనూ, అంటే ఇమ్యూనిటీ మన ఒంటి మీదే తిరగబడే జబ్బులతోనూ, సంబంధం ఉంది. అసలు దొంగ టీఎన్ఎఫ్ అక్షరమా, పక్కనున్న హెచ్ఎల్ఏ జన్యువా? 2014లో డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా మీద జన్యురాశి మొత్తాన్ని జల్లెడ పట్టిన అధ్యయనంలో ఈ పేట నుంచి గట్టిగా నిలబడింది హెచ్ఎల్ఏ-బి దగ్గరి తేడా. ఈ జల్లెడ పద్ధతిలో ఒక తేడాను ఒప్పుకోవాలంటే, అది యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం పది కోట్లలో ఐదు కంటే తక్కువ ఉండాలి. లక్షల చోట్ల వెతుకుతున్నారు కదా, వల అంత సన్నగా లేకపోతే పనికిరాని చేపలన్నీ పడతాయి. పాత రోజుల్లో ఒక్క జన్యువును ఎంచుకుని, వంద మంది రోగుల్లో చూసి, సంబంధం దొరికిందని ప్రకటించిన వ్యాసాలు కోకొల్లలు. వాటిలో చాలావరకు మళ్లీ చూస్తే నిలబడలేదు.

హెచ్ఎల్ఏ గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, లింఫోమా విషయంలో అన్నిటికంటే పదేపదే తేలిన చోటు ఇదే. 1958లో ఫ్రాన్స్‌లో జీన్ డోసే మొదటి హెచ్ఎల్ఏ రకాన్ని వర్ణించారు, 1980లో నోబెల్ పంచుకున్నారు. అవయవ మార్పిడికి మ్యాచ్ అయిందా లేదా అని చూసేది వీటినే. కణం లోపల ఉన్న ప్రోటీన్ల ముక్కలను పైకి తెచ్చి, టి కణాలకు చూపించే చేయి లాంటిది హెచ్ఎల్ఏ. ఆ చేతి ఆకారం మనిషి మనిషికీ వేరు. ఒకరి చేతిలో వైరస్ ముక్క బాగా ఇముడుతుంది, మరొకరి చేతిలో జారిపోతుంది. జారిపోతే టి కణానికి అది కనపడదు. మనుషుల్లో ఇంత వైవిధ్యం ఉన్న జన్యువులు మరెక్కడా లేవు. ఇప్పటిదాకా వేల రకాలు నమోదయ్యాయి.

దీనికి నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన ఉదాహరణ హాడ్జ్‌కిన్ లింఫోమాలో ఉంది. 1964లో ఎప్‌స్టీన్, బార్, అచాంగ్ ముగ్గురూ కలిసి కనిపెట్టిన ఈబీవీ అనే వైరస్ పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా మందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, తర్వాత బి కణాల్లోనే జీవితాంతం దాక్కుంటుంది. హాడ్జ్‌కిన్ రోగుల్లో కొందరి గడ్డల్లో ఈ వైరస్ ఉంటుంది. అలాంటివాళ్లను గమనిస్తే, హెచ్ఎల్ఏ-ఏ-02 రకం ఉన్నవాళ్లకు ఆ జబ్బు అవకాశం తక్కువ, ఏ-01 ఉన్నవాళ్లకు ఎక్కువ. ఏ-02 ఆ వైరస్ ముక్కలను టి కణాలకు బాగా చూపించగలదు, ఏ-01 ఆ పని అంత బాగా చేయలేదు. వైరస్ లేని హాడ్జ్‌కిన్‌లో ఈ సంబంధం కనపడదు. జన్యువు, వైరస్, జబ్బు మూడూ ఒకే గీత మీదకు వచ్చే సందర్భాలు మా శాస్త్రంలో అరుదు, అందుకే ఇది నాకు ఇంత ఇష్టం.

ఫాలిక్యులర్ లింఫోమాలో కూడా హెచ్ఎల్ఏ పేటే ముందుంది. ఇక్కడ రెండో తరగతి హెచ్ఎల్ఏలు, డీఆర్, డీక్యూ రకాలు. దానికి బయట 2014లో దొరికిన వాటిలో సీఎక్స్‌సీఆర్5 ఒకటి. బి కణాన్ని లింఫ్ గ్రంథిలోని సరైన గదికి దారి చూపే ప్రోటీన్ అది. మరొకటి ఏమిటో తెలుసా? బీసీఎల్2. ఇందాక గడ్డల్లో తప్పుగా అతుక్కుందని చెప్పిన జన్యువే. పుట్టుకతో వచ్చిన తేడా, జీవితంలో జరిగిన తప్పు, రెండూ ఒకే తలుపు తట్టాయి.

ఇక కుటుంబాల సంగతి. ఒకరికి నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా ఉంటే, వాళ్ల తోబుట్టువులకూ పిల్లలకూ అవకాశం మామూలు వాళ్లతో పోలిస్తే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దాకా ఉంటుంది. హాడ్జ్‌కిన్‌లో సుమారు మూడు రెట్లు. మామూలు అవకాశమే చాలా తక్కువ కాబట్టి, మూడు రెట్లయినా అది చిన్న సంఖ్యే. 1995లో కవలల మీద వచ్చిన ఒక అధ్యయనం నేను ఎప్పుడూ తలుచుకుంటాను. కవలల్లో ఒకరికి వయసులో ఉండగా హాడ్జ్‌కిన్ వచ్చిన జంటలను ఏళ్ల తరబడి గమనించారు. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 187 జంటల్లో రెండోవాళ్లకు ఒక్కరికీ రాలేదు. ఒకే అండం నుంచి పుట్టిన 179 జంటల్లో పదింటిలో రెండోవాళ్లకూ వచ్చింది. ఆ పది మామూలుగా రావాల్సిన దానికి దాదాపు వంద రెట్లు. జన్యువుల బలం అది. అయితే మిగతా 169 జంటలనూ చూడండి. అక్షరం అక్షరం ఒకటే అయినా రెండోవాళ్లు ఆరోగ్యంగానే ఉన్నారు.

ఒక్క జన్యువే దాదాపు అంతా నిర్ణయించే కుటుంబాలూ ఉన్నాయి, కానీ బహు అరుదు. 1975లో డేవిడ్ పర్టిలో అనే వైద్యుడు ఒక కుటుంబం గురించి రాశారు. ఆ ఇంట్లో మగపిల్లలే, ఈబీవీ లాంటి ఇన్ఫెక్షన్ తర్వాత, లింఫోసైట్లు అదుపు తప్పి పెరిగి చనిపోతూ వచ్చారు. 1998లో దానికి కారణమైన ఎస్‌హెచ్2డీ1ఏ జన్యువు దొరికింది. ఎక్స్ క్రోమోజోము మీద ఉంది కాబట్టి తల్లి నుంచి కొడుకులకు వస్తుంది. అలాగే ఫాస్ అనే జన్యువులో లోపం ఉంటే, పని అయిపోయిన లింఫోసైట్లకు చావు ఆజ్ఞ అందదు. ఆ పిల్లలకు చిన్నతనం నుంచే గ్రంథులు, ప్లీహం ఉబ్బి ఉంటాయి, లింఫోమా అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. చిన్న పిల్లాడికి మళ్లీ మళ్లీ తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తున్నా, ఈబీవీ జ్వరం ప్రాణం మీదకు తెచ్చినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులో లింఫోమా వచ్చినా, జన్యు పరీక్ష గురించి తప్పకుండా అడగండి. ఇలాంటి ఇళ్లలో ఆ పరీక్ష ప్రాణం నిలబెడుతుంది. మూలుగ మార్పిడితో ముందే కాపాడుకోగల పిల్లలున్నారు.

ఎవరైనా ప్రశ్నలు అడుగుతారా?

(సభలోంచి ఒకరు: ఇమ్యూనిటీ పెంచుకుంటే లింఫోమా రాకుండా ఉంటుందా అండి?)

మంచి ప్రశ్న. ఇమ్యూనిటీ తక్కువైతే లింఫోమా పెరుగుతుందన్నది నిజమే. హెచ్ఐవీకి చికిత్స అందనివాళ్లలో, అవయవ మార్పిడి తర్వాత ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లలో మేం చూస్తూనే ఉన్నాం. మార్పిడి తర్వాత వచ్చిన లింఫోమా కొన్నిసార్లు ఆ మందుల మోతాదు తగ్గిస్తేనే కరుగుతుంది కూడా. కానీ ఇమ్యూనిటీ ఎప్పుడూ రగులుతూ ఉన్నా ఇబ్బందే. షోగ్రెన్ అనే స్వయం నిరోధక వ్యాధిలో లాలాజల గ్రంథుల దగ్గర బి కణాలకు విశ్రాంతి ఉండదు, అక్కడే లింఫోమా పుట్టే అవకాశం బాగా పెరుగుతుంది. కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఏళ్ల తరబడి ఉంటే కొందరికి కడుపు గోడలో లింఫోమా వస్తుంది. 1993లో అలాంటి ఆరుగురికి యాంటీబయాటిక్స్ ఇచ్చి బ్యాక్టీరియాను చంపితే, ఐదుగురి బయాప్సీల్లో లింఫోమా కనపడకుండా పోయింది. జన్యువులు మారలేదు, రెచ్చగొట్టేది పోయిందంతే. కాబట్టి పెంచడం, తగ్గించడం అని కాదండీ, లేచిన ఇమ్యూనిటీ పని అయ్యాక మళ్లీ పడుకోవాలి. దాన్ని ఏ పొడీ, ఏ మాత్రా చేసిపెట్టలేదు. హెచ్ఐవీ ఉంటే మందులు మానకుండా వాడటం, కడుపులో పైలోరీ ఉందని తేలితే పూర్తి కోర్సు వాడటం, ఇవి మన చేతిలో ఉన్నవి.

(మరొకరు: లాలాజలం పంపిస్తే జన్యు రిస్క్ చెప్పే పరీక్షలు వస్తున్నాయి. మా ఇంట్లో ఒకరికి లింఫోమా ఉంది. చేయించుకోవాలా?)

ఇందాక చెప్పిన అరుదైన లక్షణాలు లేకపోతే, లింఫోమా కోసమని వద్దు. టీఎన్ఎఫ్, హెచ్ఎల్ఏ వంటి తేడాలన్నీ కలిపి లెక్కేసినా, ఎవరికి వస్తుందో ఎవరికి రాదో విడదీసి చెప్పేంత శక్తి వాటికి లేదు. ఉందని తేలినా దానికి తగ్గట్టు చేసే స్కానింగ్ గానీ, ముందు జాగ్రత్త మందు గానీ లేదు. మీకు మిగిలేది టెన్షన్ ఒక్కటే. ఈ తేడాలు పరిశోధకులకు ఎంతో విలువైనవి, ఎందుకంటే జబ్బు ఏ దారిలో వస్తుందో చూపిస్తున్నాయి, ఆ దారుల్లోనే కొత్త మందులు వెతుకుతున్నారు. మీ ఇంటి భవిష్యత్తు చెప్పడానికి మాత్రం కాదు.

ఆ అక్కగారు మళ్లీ నా ఎదురుగా కూర్చుంటే ఇలా చెబుతాను. మీ తమ్ముడితో మీరు పంచుకున్న జన్యువుల వల్ల మీ అవకాశం కాస్త పెరిగిందమ్మా, అయినా రాకపోవడానికే చాలా చాలా ఎక్కువ అవకాశం ఉంది. మీ అమ్మానాన్నలు మీకేదో చెడ్డది ఇచ్చారని అనుకోవద్దు. మెడలోగానీ, చంకలోగానీ, గజ్జల్లోగానీ నొప్పి లేని గడ్డ మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే, కారణం లేకుండా జ్వరం వస్తూ పోతూ ఉంటే, రాత్రి పక్క తడిసేంత చెమట పడితే, ఆరు నెలల్లో ఒంటి బరువులో పదోవంతు తగ్గితే, మొహమాటపడకుండా రండి. మీ పిల్లలకూ ఇదే మాట. ముల్లు గుచ్చుకుని కట్టిన బిళ్లకు మాత్రం కంగారు పడకండి, పుండు మానేదాకా దాన్ని ఉండనివ్వండి.